పోశం సచ్చినట్టు కాగితం లేదు

పోయిన వారం, కట్టుకున్న మొగుడి పేరు తనకే తెలియదని సంతోషికి తెలిసొచ్చిన చోట ఆగాం. ఆ వారం చదవని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

సంతోషి మొగుడు పోయి మూడు నెలలు. బొగ్గుబాయిలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ పక్కకు ఒరిగాడు. దవాఖానకు చేరేలోగా అయిపోయింది. కార్మికుడు పోతే భార్యకు నౌకరి ఇస్తారు. అది రాకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. తొమ్మిదేళ్ల కొడుకు రుత్విక్‌ను వెంటబెట్టుకుని నస్పూర్ పోయి అన్నల పంచన పడాలి. వదినల చేతి కూడు ఎట్లా ఉంటుందో సంతోషికి తెలుసు. అందుకే నౌకరి కావాలి. ఇంకే గొప్ప కారణమూ లేదు.

ఆఫీసులో అడ్డం పడింది. సర్వీసు పుస్తకంలో భార్య పేరు మల్లక్క అని ఉంది. ఆమె మొదటి భార్య. ఆమెతో కోర్టులో విడాకులయ్యాయని మొగుడు అప్పట్లో అర్జీ ఇచ్చాడు గాని డిక్రీ జతపరచలేదు. డిక్రీ తెమ్మన్నారు. సంతోషి నెల రోజులు తిరిగింది. నెట్ సెంటర్లో పేరు కొట్టించింది, కోర్టులో రిజిస్టర్లు చూడమని బతిమాలింది. రఘుపతి అనే మనిషి ఏ ఏడూ, ఎవరి మీదా విడాకుల కేసు వేయలేదు. చివరికి అత్త సారవ్వ నోరు విప్పింది. నా కొడుకు రఘుపతి కాదు బిడ్డా, పోశం అని.

బాయి పని తెలిసిన వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. పోశం చిన్నాయన కొడుకు రఘుపతికి తండ్రి నౌకరి వచ్చింది. వాడు మొదటి రోజు బాయిలోకి దిగి, ఆ చీకటి చూసి, పొద్దుగూకకముందే భీవండి దారి పట్టాడు. చేతికొచ్చిన నౌకరి నేలపాలు చేసుకుంటారా? ఆ కాగితాలు పట్టుకుని పోశం దిగాడు. అప్పటి నుంచి బాయిలో రఘుపతి, ఊళ్లో పోశం. ఇలాంటి మారుపేర్ల వాళ్లు కాలనీకి పదిమంది దొరుకుతారు. బయటపడితే నౌకరి ఊడుతుంది, వారసులకూ రాదు. అందుకని ఊరికి ఊరే నోరు కట్టుకుంటుంది. పేరు తప్పయితే ఆ పేరున తవ్విన బొగ్గు కూడా తప్పే కావాలి. ఆ బొగ్గును మాత్రం ఎవరూ వాపసు ఇవ్వలేదు.

కాలనీలో పైరవీలు చేసే లింగమూర్తి ఈ సంగతి విని ఫికర్ చెయ్యకు వదినా, ఇది మన మంచికే అన్నాడు. "పోశం, మల్లక్కల డిక్రీ తే. దాంట్ల రఘుపతి అన్న మాటే ఉండదు. మల్లక్క ఎవ్వనో పోశం పెండ్లాం, మన రఘుపతికేం కాదు, పుస్తకంల తప్పు పడ్డదని నేను చెప్పుకుంట. ఆ పాత అర్జీ సంగతి గూడ నేనే సూసుకుంట. డిక్రీ ఒక్కటే తే. వేరే కాగితం ఏదీ గెలుకకు."

మూడో మనిషి కాపీ కావాలంటే ఎందుకు కావాలో ప్రమాణపత్రం రాసి, జడ్జి అనుమతి తెచ్చుకోవాలి. కేసులో ఉన్న మనిషే వచ్చి అడిగితే ఆ తిప్పలు లేవు. కనుక సంతోషి కమాన్‌పూర్‌లో ఉన్న మల్లక్కకు ఫోను చేసింది. కేసు కాగితం కావాలి, ఒకసారి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. మల్లక్కా అడగలేదు. సోమవారం వస్తానంది.

ఆ సోమవారం ఇది.

పదిన్నరకు కోర్టు గేటు ముందు ఆటో ఆగింది. దిగిన మనిషికి నలభై ఐదు దాటి ఉంటాయి. చీరకు అక్కడక్కడ పత్తి పింజెలు అంటుకుని ఉన్నాయి. వేళ్ల చివర్లు కాయల ముళ్లు గీరి ఎర్రగా చీరుకుపోయి ఉన్నాయి. తిన్నగా సంతోషి దగ్గరికే వచ్చింది.

"నువ్వేనా?"

"అవును అక్కా. ఎట్ల గుర్తుపట్టినవ్?"

"మెడ బోసిగున్నది నీదొక్కదే." పైనుంచి కిందికి చూసింది. "పెండ్లి ఫొటువ సూసిన. గండ్ల బొద్దుగుంటివి."

"అప్పుడు చిన్నదాన్ని."

"మొగడు సస్తె ఎంత చిన్నదైనా పెద్దదే అయితది. నడువు. పత్తి ఏరుడు ఇడిసిపెట్టి అచ్చిన. పొద్దుమీకితే మంచు పడి బరువెక్కుతది."

కాపీల సెక్షన్ గుమాస్తా చక్రపాణి. ఆయన తండ్రి ఎప్పుడో గుంటూరు వైపు నుంచి ఇక్కడికి వ్యాపారానికి వచ్చాడు. కొడుకు ఇక్కడే పుట్టి పెరిగినా ఇంట్లో భాష నోటి నుంచి పోలేదు. సంతోషిని చూడగానే కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"మళ్లీ వచ్చారా అమ్మా? రఘుపతి పేరున లేదని మూడుసార్లు చెప్పాను కదండీ."

"రఘుపతి కాదు సార్. పోశం. ఈ అక్కే ప్రతివాది."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అడగలేదు. గవర్నమెంటు నౌకరిలో ఇరవై ఏళ్లున్న మనిషికి ఏది అడగకూడదో తెలుస్తుంది.

"ఏ సంవత్సరం?"

"నా బిడ్డ నాలుగో తరగతి సదువంగ," అంది మల్లక్క.

"అలా కాదమ్మా, సంవత్సరం."

"బిడ్డకు ఇప్పుడు ఇరవై ఒకటి. ఎనక్కి లెక్క పెట్టు సారూ. సదువుకున్నోనివి."

చక్రపాణి నవ్వాపుకుని వేళ్ల మీద లెక్కపెట్టాడు. రెండు రిజిస్టర్లు దించాడు. మొదటి దాంట్లో లేదు. రెండో దాంట్లో పదో పేజీ దాటకముందే వేలు ఆగింది. నెల రోజులు దొరకని కేసు పావుగంటలో దొరికింది. సంతోషి తల వంచి చూసింది. పిటిషనరు: పోశం. అంతే ఉంది. తాను పదేళ్లు అన్నం పెట్టిన మనిషి అదే అని నమ్మడానికి ఆ గళ్లలో ఏ ఆధారమూ లేదు.

"ఉంది. డిక్రీ అయింది," అన్నాడాయన, దరఖాస్తు కాగితం బయటికి తోస్తూ. "నంబరు ఇందులో వేశాను. ఏమేం కావాలో వరసగా రాయండి. డిక్రీ, తీర్పు, వాంగ్మూలాలు, దేనికది విడిగా రాయాలి. రాయనిది రాదు. స్టాంపు అంటించి ఒంటిగంటలోపు ఇవ్వండి."

వరండా చివర బల్ల మీద కూర్చున్నారు. సంతోషి పెన్ను తీసింది.

"డిక్రీ ఒక్కటి చాలు గదా అక్కా."

"డిక్రీ నేనేం జేసుకోను? విడిచిపెట్టిండని నాకు తెల్వదా? నాకు ఆయన మాట్లాడింది కావాలె."

"మాట్లాడింది అంటే?"

"బోనుల నిలవడి చెప్పింది. దాన్నేమో అన్నడు గదా ఆ సారు."

"వాంగ్మూలం."

"ఆ. గదే." మల్లక్క చీర మీది పింజెను గిల్లి పారేసింది. "నా వకీలు అడిగిండు. పిల్ల ఖర్సుకియ్యాలె గదా, నీ జీతం కాగితం తీయి అని. తీస్తె దాని మీద ఎవ్వని పేరున్నది? రఘుపతి. నువ్వు పోశం అంటివి గదా, ఈ రఘుపతి ఎవ్వడు అని నిలదీసిండు. దొరికిండు బిడ్డ. శెమటలు బెట్టినయ్. అప్పుడు చెప్పిండు, పోశంను నేనే, బాయిల రఘుపతి పేరు మీద చేస్తున్న అని. జడ్జి చెప్తాంటె పక్కపొంటి మిషన్ల కొట్టిన్రు."

ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పడితే క్వార్టర్లలో గిన్నెలు కదులుతాయి. సంతోషికి బల్ల కింద నేల అట్లా కదిలింది. డిక్రీ ఒక్కటే ఉంటే పోశం ఎవడో, రఘుపతి ఎవడో. ఈ మాట బయటికొస్తే ఇద్దరూ ఒక్కడే. ఒక్కడే అయితే ఆ నౌకరే దొంగది, ఆమెకు వచ్చేదేమీ ఉండదు. వేరే కాగితం గెలుకకు అని లింగమూర్తి ఎందుకన్నాడో ఇప్పుడు అర్థమైంది. ఆ కాగితాన్ని గెలకడానికే ఈ మనిషి పత్తి చేను వదిలి వచ్చింది.

"ఇన్నేండ్ల సంది నీకు ఈ మాట తెలుసా అక్కా?"

"నా చెవులతోని ఇన్న. బయటికచ్చినంక వకీలు అననే అన్నడు. ఈ ఒక్క కాగితం ఆఫీసుల పడేస్తె రేపటికి వాని నౌకరి ఉండదు మల్లక్కా, తియ్యాల్నా అని. వద్దన్న."

"ఎందుకు?"

"ఎందుకేంది? పగ లేక కాదు. మస్తుండె. గని బాయిల దిగేటోని కూడు గుంజి నేనేం బాగుపడుత? నాకు వాడు అక్కరలేకపాయె, వాని నౌకరి మీద మన్ను పొయ్యాలని కూడ అనిపియ్యకపాయె. గంతే."

"మరి ఇప్పుడెందుకు?"

"ఇప్పుడు వాడు లేడు గదా."

మల్లక్క కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. తీరిగ్గా చెప్పాల్సిన మాట ఉన్నట్టు.

"కమాన్‌పూర్ల ఇరవై గుంటల భూమున్నది. పట్టా పోశం పేర. ఇడుపు కాగితం అచ్చిననాడు, కోర్టు బయట, పెద్దమనుషుల ముందట ఇది నా బిడ్డకు అన్నడు. అన్నడే గని పేరు మార్సలే. దున్నేది నేను, ఇత్తునం ఏసేది నేను. ఇప్పుడు నా బిడ్డ జమున పేర విరాసతు చెయ్యున్రి, వారసురాలని ఎక్కియ్యున్రి అని తాసిల్దారు ఆఫీసుకు పోతె, పోశం సచ్చినట్టు కాగితం తెమ్మన్నరు. ఏడికెల్లి తేవాలె? నువ్వు దవాఖానల రాయించింది రఘుపతి. మున్సిపాల్టిల రాయించింది రఘుపతి. పోశం సచ్చినట్టు కాగితం లేదు. దినం పెట్టి మూడు నెల్లాయె, కాగితం మీద వాడు ఇంక బతికే ఉన్నడు. నా చేను గట్టు మీద కూసోని కావలి కాస్తాండు."

సంతోషి దరఖాస్తును మడత పెట్టబోయి మానింది.

"ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట మా చెలుకలకాడికి అచ్చింది. రేపు భూమి తీసుకుంటాం అంటె పట్టాదారు ఏడి అంటరు. ఏం చెప్పాలె? సచ్చిండు గని సావలేదు అనాల్నా? ఆ పోశం, ఆ రఘుపతి ఒక్కడే అని వాని నోటితోని వాడు చెప్పిన మాట ఆ కాగితం మీదనే ఉన్నది. ఊళ్లె ఇంకెవ్వడు చెప్పడు. అందరి ఇండ్లళ్ల ఒక రఘుపతి ఉన్నడు."

"ఆ మాట బయటికొస్తే నాకు నౌకరి రాదు అక్కా," అంది సంతోషి. దాచిపెట్టాలని వచ్చింది గాని నోరు ఆగలేదు. "క్వార్టరు పోతది. పిల్లగాన్ని పట్టుకొని నేనెటు పోవాలె?"

"నా పిల్లను పట్టుకొని నేనెటు పోయిన?"

ఆ మాటను మల్లక్క అరిచి అనలేదు. ధర అడిగినట్టు అడిగింది. జవాబు తానే చెప్పింది.

"మేం గూడ ఆ క్వార్టర్లనే ఉన్నం. నువ్వు పండుకునే అర్రలనే. జమునను కాలనీ బడిల ఏసినం. పంతులమ్మ మీ నాయిన పేరేందే అంటె పోశం అన్నది. ఐదేండ్ల పిల్ల. నాయినకు రెండు పేర్లుంటయని దానికేమెరుక? వారం తిరగకముందే ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం పోయింది. ఈయన ఎవ్వరెవ్వరి కాళ్లో పట్టుకొని ఆపుకున్నడు. తెల్లారి మమ్ముల ఊరి బస్సెక్కిచ్చిండు. పిల్ల నోరు ఊళ్లె ఉంటెనే మంచిదన్నడు. నెలకోసారి అచ్చెటోడు. తరువాత పండుగకు. తరువాత నోటీసు అచ్చింది."

మల్లక్క మంచిది కాదు, కాపురం చేసుకోలేదు అని పెళ్లినాడు చెప్పారు సంతోషికి. పదేళ్లు అదే నమ్మింది. నమ్మడం సుఖంగా ఉండింది కనుక నమ్మింది. రుత్విక్‌ను బడిలో వేసిన రోజు, నాయిన పేరు అడిగితే ఏం చెప్పాలో మొగుడు పిల్లవాడి చేత పదిసార్లు పలికించాడు. పలకడం నేర్పుతున్నాడనుకుని ఆమె నవ్వింది కూడా.

"నాకాడ ఒక పేరు, నీకాడ ఒక పేరు," అంది మల్లక్క. "ఇంకోతాన ఇంకో పేరున్నదేమో ఆరా తీసినవా?"

సంతోషికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్లు నిండాయి. మల్లక్క పక్కకు చూసింది.

"నీ కొడుకుకు తండ్రి రఘుపతి. నా బిడ్డకు తండ్రి పోశం. ఒక్కనికే పుట్టిన్రు, కాగితం మీద ఏమీ కారు. మాసికం ఏ పేర పెట్టిన్రో గది గూడ నాకు తెల్వదు."

"ఒక్క ఏడాది ఆగు అక్కా. నౌకరి రానీ. నేనే వచ్చి తాసిల్దారు ముందట సాక్ష్యం చెప్త. నా కొడుకు మీద ఒట్టు."

"నౌకరి అచ్చినంక నీ నోరు గూడ కట్టుకపోతది. వానిది పోలేదా?" మల్లక్క లేచింది. "పిల్లగాని మీద ఒట్లు పెట్టకు. రాయి. నాకు సదువు రాదు, అది నీకెరుకనే. అన్ని కాగితాలు రాయి. నేను ఏలుముద్ర ఏస్త. దాహమైతాంది, నల్లాకాడికి పోయస్త."

పోయింది. వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

చూడండి, ఇక్కడ సంతోషిని తిట్టుకునే వాళ్లు తిట్టుకోండి. ఒకే మనిషి చావు మీద ఒకామెకు భూమి, ఇంకొకామెకు బువ్వ ఆధారపడేట్టు చేసి, రెండిట్లో ఒకటే దొరుకుతుందని రూలు రాసిన వాళ్లను మనం ఎప్పుడూ తిట్టం. వాళ్లు కనపడరు. కనపడేది బల్ల మీద కూర్చుని పెన్ను పట్టుకున్న ఈ ఆడమనిషే.

మల్లక్క నల్లా కింద దోసిలి పట్టింది. మొదట చేతులు కడుక్కుంది, తర్వాత ముఖం, తర్వాత తాగింది. చాలాసేపు తాగింది. సంతోషి దరఖాస్తు మీదికి వంగింది. పేర్లు నింపింది. 'కావలసిన పత్రాలు' అన్న చోట ఒకటి అంకె వేసి డిక్రీ అని రాసింది. రెండు అంకె వేసింది. దాని పక్కన పెన్ను ఆగింది.

రుత్విక్ బడి మానేసి మామల చేను కాడ ఎడ్లు తోలడం కళ్ల ముందు ఆడింది. ముఖం ఎన్నడూ చూడని ఆ జమున, ఆ ఇరవై గుంటలు, గట్టు మీద కూర్చున్న మనిషి, వాళ్లూ ఆడారు. ఇటువైపు తన పిల్లవాడు, అటువైపు ఎవరి పిల్లో. తూచడానికి కూర్చుంటే త్రాసు ఎప్పుడూ ఇటే మొగ్గుతుంది. రెండు అంకెను కొట్టేసింది. డిక్రీ అన్న మాట కింద ఆ చివర నుంచి ఈ చివర దాకా అడ్డగీత గీసింది, ఇంకెవరూ ఏమీ చేర్చడానికి చోటు లేకుండా.

మల్లక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"అన్ని రాసినవా?"

"రాసిన అక్కా."

ఇంకు డబ్బా తెరిచి ముందుకు జరిపింది. మల్లక్క ఎడమ బొటనవేలు అద్ది, చూపించిన చోట నొక్కింది. ముళ్లు గీరిన వేలు గనక ముద్రలో తెల్లగీతలు పడ్డాయి. "మంచిగ పడ్డదా?" అని అడిగింది. పడిందంది సంతోషి.

కిటికీ దగ్గర చక్రపాణి దరఖాస్తు తీసుకుని స్టాంపు చూశాడు, నంబరు చూశాడు. ముద్ర దగ్గర ఆగాడు.

"వేలిముద్రా? అయితే ఇందులో ఉన్నది ఈవిడకు చదివి వినిపించి, ఒప్పుకున్నాక ముద్ర వేయించినట్టు కింద రాయాలమ్మా. రాసినవాళ్లు సంతకం చేయాలి. వినిపించారా?"

"వినిపించిన సార్."

ఆయన కళ్లద్దాలు తీశాడు.

"ఎప్పుడండీ? నేనిక్కడ నుంచి చూస్తూనే ఉన్నాను. మీరు రాస్తున్నంతసేపూ ఆవిడ నల్లా దగ్గరుంది. తిరిగొచ్చీ రాగానే ముద్ర పడింది." కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోశాడు. "చదువు రానివాళ్ల పేరు మీద వచ్చిన గొడవలు ఈ గదిలో చాలా చూశానమ్మా. ఇప్పుడు నా ముందు చదవండి. పైనుంచి కిందిదాకా, ఆవిడకు వినపడేలా. నేను వింటాను."

సంతోషి కాగితం అందుకుంది. వెనక ఇంకో ఇద్దరు వరసలో నిలబడ్డారు. మల్లక్క ముందుకు జరిగి, కిటికీ చెక్క మీద రెండు మోచేతులు ఆనించి, చెవి ఇటు తిప్పింది.

"పేర్లు గీర్లు ఎందుకు చెల్లె, అవి నాకెరుకనే. ఆయన మాట్లాడింది రాసినవ్ గదా, గాడికెల్లి సదువు."